నాలుగు నిమిషాల ఎండ

మా ఇంటికి వచ్చిన పెళ్లి సంబంధాల ఫోటోల్లో నీలంగా ఉన్న అమ్మాయి ఆమె ఒక్కతే.

నీలం చీర కట్టుకుందేమో అనుకునేరు. చీర, జడ, ముక్కు, చెవులు, వెనకాల గోడ, అంతా నీలమే. ముదురు నీలం, లేత నీలం, మధ్య మధ్య కాగితం తెలుపు.

మధ్యవర్తి రామాంజి ఆ కవరు మా అమ్మ చేతిలో పెట్టి, మజ్జిగ తాగుతూ వివరాలు చెప్పాడు.

"కడప పెద్దసుబ్బయ్య గారి కూతురమ్మా. పేరు శ్రీవిద్య. వాళ్లది పసుపు వ్యాపారం. పిల్ల డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తాది. శానా మంచి కుటుంబం."

అమ్మ ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. దూరంగా పెట్టి చూసింది. కళ్లజోడు తీసేసి చూసింది.

"పిల్ల నీలంగా ఉండాదే రామాంజీ."

"ఫోటో నీలం లేమ్మా. పిల్ల మామూలుగానే ఉంటాది."

"మామూలుగా ఉంటే మామూలు ఫోటోనే పంపించొచ్చు గదా. ఏందో దాచిపెడతాండారు. వద్దని చెప్పెయ్."

అంతటితో అయిపోయింది. కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి నడిపే మా అమ్మ సుందరలక్ష్మి ఒకసారి వద్దంటే ఇక వద్దే. గిన్నె మందం విషయంలో అంతే, కోడలి విషయంలోనూ అంతే. నేను ఆమె ఒక్కగానొక్క కొడుకుని, ప్రదీప్‌కుమార్‌ని, ఇరవై ఏడేళ్లలో ఆమె మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. భయమని మా ఫ్రెండ్స్ అంటారు. అలవాటని నేనంటాను.

కానీ ఆ ఫోటో మాత్రం తిరిగి కవరులో పెట్టలేదు. రామాంజి అడిగితే యాడో పోయిందన్నాను. అందులోని అమ్మాయి నేరుగా నావైపే చూస్తోంది, నవ్వాపుకుంటున్న మొహంతో. ఫోటో వెనక పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి ఉంది: 'సయనోటైప్. ఎండతో వేసిన అచ్చు. నేర్చుకోవాలంటే ఆదివారం పదిన్నరకి, మా మిద్దె మీద.' కింద అడ్రసు.

పెళ్లిచూపుల ఫోటో వెనక క్లాసు టైమింగ్స్ రాసి పంపించే అమ్మాయిని ఒక్కసారైనా చూడకుండా ఎలా ఉండగలను? ఆ ఆదివారం తెల్లారి నాలుగింటి బస్సెక్కేశాను. అమ్మకి ఫ్రెండ్ పెళ్లి అని చెప్పాను.

*

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "పక్కకి జరగండి."

మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చి, ఆయాసం తీర్చుకుంటూ నిలబడ్డానంతే. నా కాళ్ల ముందు ఒక అద్దం, అద్దం కింద ఒక కాగితం, కాగితం మీద తంగేడు కొమ్మ. వాటన్నిటి మీదా నా నీడ.

"నాలుగు నిమిషాల ఎండ కావాల ఆ పేపరుకి. మీరొచ్చి గొడుగు పట్టినారు."

"సారీ అండీ. క్లాసుకి వచ్చాను."

ఆమె లేచి నిలబడింది. నీలంగా లేదు. చామనఛాయ, నుదుటి మీద చెమట, వేళ్ల చివర్లకి మాత్రం నీలం మరకలు. ఫోటోలో ఆపుకున్న నవ్వు ఇప్పుడూ ఆపుకుంటూనే ఉంది.

"పేరు?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. వద్దని చెప్పించిన ఇంటి అబ్బాయినని తెలిస్తే, ఎక్కిన మెట్లు అలాగే దింపేస్తారేమో అనిపించింది.

"కుమార్," అన్నాను. సగం నిజమే కదా. "ఎర్రగుంట్ల. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పని."

ఆమె నన్ను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది.

"ఎర్రగుంట్లలో యాడ ఉంటారు కుమార్ గారూ? రైల్వే గేటుకి ఈపక్కా, ఆపక్కా?"

"మధ్యలో."

"గేటు మధ్యలోనా?"

నీడలో కూర్చుని బ్రష్ కడుక్కుంటున్న ఒక పెద్దాయన దగ్గుతున్నట్టు నవ్వాడు. ఆయన జ్ఞానరాజు మాస్టారు, రిటైరైన డ్రాయింగ్ టీచరు. చర్చిలో ఆరాధన అయ్యాక నేరుగా వస్తారు కాబట్టే క్లాసు పదిన్నరకి పెట్టారట. ఆయన కాక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. నాతో కలిపి నలుగురం.

మెట్ల కింద చీకటి గదిలో, చిన్న పసుపు బల్బు వెలుతురులో, రెండు సీసాల్లోని ద్రావణాలు సమంగా కలిపి కాగితానికి పూయడం మొదటి పాఠం. చూడ్డానికి గోడకి సున్నం వేసినంత సులువు. నా చేతిలో మాత్రం అది ముద్దలు ముద్దలుగా, చొక్కా మీదా, మోచేతి మీదా, చివరికి మాస్టారి బైబిలు అట్ట మీదా పడింది.

"ప్రభువు క్షమిస్తాడు లేప్పా," అన్నారు మాస్టారు. "నేను ఆలోచించి చెప్తా."

రెండో పాఠం ఎండ. బస్సులో ఫోన్‌లో చదువుకుని వచ్చాను, ఇరవై నిమిషాలు పెట్టాలని. ఆమె నాలుగు నిమిషాలంటే, నాకు తెలిసింది చూపించుకుందామని ఎవరూ చూడకుండా ఇరవై పెట్టాను. కడిగితే కాగితమంతా ఒకే గుడ్డి నీలం. నేను పెట్టిన లేత వేపాకు ఆనవాలు కూడా లేదు.

"ఆకు యాడ పోయిందబ్బా?" అని ఆమె కాగితం తిప్పి చూసింది. "మీరు చదివింది చలిదేశం వాళ్లు రాసుకున్నారు కుమార్ గారూ. వాళ్లకి ఎండ చుట్టపుచూపుగా వస్తాది. ఇది కడప. నాలుగు నిమిషాలు దాటితే మాడతాది."

నాకు మాత్రం ఆ మాడిన కాగితం చాలా నచ్చింది. జేబులో పెట్టుకుని కర్నూలు దాకా తెచ్చుకున్నాను.

*

తర్వాతి ఆదివారం ఇంకో ఫ్రెండ్ పెళ్లి. ఆ తర్వాతి ఆదివారం మరొకడిది.

"నీ స్నేహితులంతా వరసగా చేసుకుంటాండారు," అని అమ్మ నిట్టూర్చింది. "నువ్వొక్కడివే మిగిలినావు నాయనా. రామాంజిని పిలిపిస్తా." నా అబద్ధం నా మెడకే చుట్టుకుంటోంది.

కడపలో నా పరిస్థితి ఇంకా ఘోరం. మిగతా ముగ్గురికీ పాఠాలు, నాకు పనులు. కడిగే టబ్బుల్లో నీళ్లు మార్చేది నేను. అద్దాలు తుడిచేది నేను. మూడో వారం ఆమె ఎంతో అమాయకంగా అడిగింది.

"మీ ఎర్రగుంట్లలో నాపరాళ్లు బాగుంటాయంట గదా. కాగితాలు అణిచిపెట్టేదానికి రెండు కావాల. వచ్చే వారం తెస్తారా?"

"దానికేముంది మేడం," అన్నాను.

ఏముందంటే, కర్నూలు నుంచి కడప వచ్చే బస్సు ఎర్రగుంట్ల పోదు. శనివారమే నంద్యాల పోయి, అక్కడ రైలెక్కి, ఎర్రగుంట్లలో దిగి, రెండు రాళ్లు కొని, గోనెసంచిలో వేసుకుని కడప చేరాను. మిద్దె మెట్లు ఎక్కేసరికి నా భుజం ఒకవైపుకి ఒరిగిపోయింది. ఆమె రాళ్లని అటూ ఇటూ తిప్పి చూసి, "కొంచెం చిన్నవి దొరకలేదా?" అంది.

ఇంత జరిగినా ఎందుకు పోయానంటే, ఒక్కటే కారణం. పోకుండా ఉండలేకపోయాను.

ఆమె అచ్చు వేసేవి గులాబీలూ మల్లెలూ కావు. పల్లేరు తీగ, ఉత్తరేణి, పసుపు చేను గట్టున మొలిచే పేరు లేని గడ్డి. "వీటిని ఎవరూ కూర్చుని చూడరు," అని చెప్పింది ఒకసారి. "తొక్కుకుంటూ పోతారు. నీళ్లలో బొమ్మ తేలేటప్పుడు చూడండి, ముల్లు ముల్లూ లెక్కపెట్టొచ్చు." టబ్బు మీదికి వంగి, పచ్చటి మురికంతా నీళ్లలోకి దిగిపోయి నీలం పైకి వస్తుంటే, రోజూ చేసే పనే అయినా నోరు కొంచెం తెరుచుకుని చూస్తుంది. నేను టబ్బులోకి చూడాల్సిన సమయంలో ఎక్కడ చూసేవాణ్ణో మాస్టారికి తెలుసు. ఆయన దగ్గేవారు.

ఐదో ఆదివారం, మార్చి నడిమధ్యలో, ఎవరూ అడగకుండా వాన వచ్చింది. పెద్ద పెద్ద చినుకులు, అటు ఎండ కాస్తూనే ఉంది. అందరం కాగితాలు తీసుకుని మెట్లగదిలోకి పరిగెత్తాం. ఆమె మాత్రం పూత పూసిన కొత్త కాగితం ఒకటి పట్టుకుని వానలోకి పోయింది.

"తడుస్తాది మేడం," అని నేనూ వెనకే పోయాను.

"తడవాలనే తెచ్చినా. మా ఊరికి వాన రావడమే తక్కువ. వచ్చినప్పుడు దాని బొమ్మ తీసిపెట్టుకోవద్దా?"

కాగితం నేల మీద పెట్టి, దాని పక్కనే ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. చినుకు పడ్డచోటల్లా ఒక మచ్చ. ఆమె మొహం మీద కూడా చినుకులు పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా పక్కకి తిరిగి, "ఏమన్నా చెప్పాలనుకుంటాండారా కుమార్ గారూ?" అని అడిగింది.

అనుకుంటున్నాను. నా పేరు కుమార్ కాదు, నాది ఎర్రగుంట్ల కాదు, నీ ఫోటో నా పర్సులో ఉంది అని. "టబ్బులో నీళ్లు మార్చాలా మేడం?" అన్నాను.

ఆమె కాగితం తీసుకుని లేచి పోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కడపలో వేసిన అచ్చులు నిలుస్తున్నాయి, అమ్మ అంగడికి పోయినప్పుడు కర్నూలులో మా మిద్దె మీద వేసినవి నిలవడం లేదు. బకెట్లో ముంచగానే నీలం పాలిపోతోంది. ఎందుకని అడిగితే శ్రీవిద్య చెప్పలేదు. "మీ ఇంట్లో పెద్దోళ్లని అడగండి," అంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి ఇదంతా ఎలా చెప్పను?

*

ఏడో ఆదివారం క్లాసు అయ్యాక మిగతావాళ్లని పంపించేసి, నన్ను మాత్రం ఉండమంది.

"వచ్చే వారం క్లాసు లేదు. ఆఖరి పాఠం ఇప్పుడు మీకొక్కరికే చెప్తా. మనిషి బొమ్మ వేయడం."

మందపాటి ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీసిన నెగెటివ్ ఒకటి చేతికిచ్చింది. నెగెటివ్‌లో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉండి, ఎవరి మొహమైనా దయ్యం మొహమే. చీకటి గదిలో కాగితం మీద పెట్టి, అద్దం బిగించి, ఎండలో నాలుగు నిమిషాలు లెక్కపెట్టాను.

"ఎవరిది మేడం ఇది?"

"కడగండి, తెలుస్తాది."

టబ్బులో ముంచాను. పచ్చదనం దిగిపోతోంది. ముందు ఒక కోటు వచ్చింది. టై వచ్చింది. వెనక మంచు కొండలు వచ్చాయి. సిమెంటు స్తంభం మీద ఆనించిన చెయ్యి వచ్చింది. ఆ చేతి తాలూకు వెధవ ఎవరా అని వంగి చూస్తే, నేనే. కర్నూలు స్టూడియోలో, అద్దె కోటులో, పెళ్లిచూపుల కోసం అమ్మ దగ్గరుండి తీయించిన ఫోటో.

సంబంధం చూసేటప్పుడు ఫోటో అటు నుంచి ఇటు వచ్చినట్టే ఇటు నుంచి అటు కూడా పోతుందని ఎవరికైనా తెలుసు. ఏడు వారాలుగా నాకు తట్టలేదు.

"మంచు కొండలు బాగొచ్చినాయి," అంది శ్రీవిద్య.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరొచ్చి నా పేపరు మీద నీడ వేసినప్పట్నుంచి."

"మరి నాపరాళ్లు?"

"కడపలో నాపరాయికి కరువా ప్రదీప్‌కుమార్ గారూ? మోస్తారో లేదో చూద్దామనుకున్నా." ఇక ఆపుకోలేక నవ్వేసింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, టబ్బు అంచు మీద చెయ్యి పెట్టి నిదానంగా చెప్పింది. "ఆ నీలం ఫోటో నలుగురికి పంపించినా. ముగ్గురు మామూలు ఫోటో అడిగినారు. మీ ఇంట్లో వద్దన్నారు. ఇదేంది, ఎట్ల చేసినావని అడిగినోళ్లు ఒక్కరూ లేరు. మీరు అడగనన్నా లేదు, నేరుగా వచ్చేసినారు. నాకు శానా సంతోషమైంది. నిజం ఈ వారం చెప్తారు, వచ్చే వారం చెప్తారని చూస్తానే ఉన్నా."

"భయమేసింది."

"నేనంటేనా?"

"చెప్తే ఇక్కడికి రావడం ఆగిపోతుందని."

ఆమె తల దించుకుంది. "వద్దన్నది మీరా, మీ అమ్మా?"

"అమ్మ."

"అప్పుడు మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"అదీ సంగతి," అంది. "వచ్చే ఆదివారం నాలుగింటికి నన్ను చూసేదానికి ప్రొద్దుటూరు వాళ్లు వస్తాండారు. మంచోళ్లంట. మా నాయన మాటిచ్చినాడు. వాళ్లకి నేను నచ్చితే వద్దని చెప్పేదానికి నా దగ్గర కారణం లేదు. ఒకటుంటే బాగుండు అనిపిస్తాంది."

తడి కాగితం నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మకి మొత్తం చెప్పేశాను. బస్సు, పేరు, రాళ్లు, వాన, అన్నీ.

"ఏడు పెళ్లిళ్లకి పోయి ఒక్క తాంబూలం సంచి కూడా తేలేదు," అంది అమ్మ. "అప్పుడే అనుకున్నా."

"నాకు ఆ పిల్లే కావాల అమ్మా."

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. కావాల అనే మాట ఆమె దగ్గర వాడటం నాకు అదే మొదలు. నాకే వింతగా వినిపించింది. ఆమె ముద్ద తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఎట్ల చేస్తారది? చూపించు," అంది. తయారీ చూడకుండా ఏ సరుకు మీదా మాట్లాడదు మా అమ్మ. ఫోటో విషయంలోనే ఆ నియమం తప్పింది.

మిద్దె మీద పూత పూసిన కాగితం పరిచి ఆమె చెయ్యి దాని మీద పెట్టమన్నాను. నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఆమె వల్ల అవుతుందనుకోలేదు, అయింది. కాగితం తీసుకుని బోరు నీళ్ల బకెట్లో ముంచబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆ నీళ్లలోనా? ఇన్నాళ్లూ ఆ నీళ్లలోనే కడిగినావా?"

"ఏమైంది?"

"పప్పే ఉడకదురా ఆ నీళ్లల్లో. నీ బొమ్మ యాడ నిలుస్తాది?" కిందికి పోయి బిందెతో తాగే నీళ్లు తెచ్చి, అందులో నిమ్మకాయ చెక్క పిండింది. "సున్నం నీళ్లకి పులుపు తగలాల."

ముంచాను. నీలం కదల్లేదు. నిమిషం నిమిషానికి ముదిరింది. మధ్యలో తెల్లగా అమ్మ చెయ్యి, ఐదు వేళ్లు, గాజులు, గిన్నెలు మోసి మోసి కొంచెం వంకరపోయిన చిటికెన వేలు.

అమ్మ కళ్లజోడు తీసేసి దాన్ని చూసింది.

"దీంట్లో దాచేదానికేం లేదే," అంది. "ఉండేది ఉండేట్టే వస్తాది. నేనే తొందరపడినా." తర్వాత కాగితం తీగకి ఆరేస్తూ అడిగింది, "ఆదివారం బస్సు ఎన్నింటికి?"

*

మేం పోయేసరికి పదకొండైంది. పెద్దసుబ్బయ్య గారు వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. క్లాసు వేళల్లో ఆయన పసుపు అంగట్లో ఉండేవారు కాబట్టి నన్ను చూడటం అదే మొదలు. ఎవరమో చెప్పగానే పేపరు మడిచారు గానీ, కూర్చోమనలేదు. అమ్మ ఎండలోంచి వచ్చి అలాగే నిలబడింది.

"మా పాపని వద్దని రామాంజితో చెప్పించినారు," అన్నారాయన. "చెప్పినాక మళ్లీ ఆ గడప తొక్కడం మనవాళ్లలో లేదు గదమ్మా. అదీగాక వేరేవాళ్లు ఈరోజు నాలుగింటికి వస్తాండారు."

"వద్దన్నది నేను," అంది అమ్మ. "చూడకుండా అన్నా. తప్పు నాదే. అందుకే మధ్యవర్తిని పంపకుండా నేనే వచ్చినా, అన్నా. మీరు పొమ్మంటే పోతా, ఈ మాట మాత్రం చెప్పి పోవాలని."

అంగట్లో ఎవరికీ తగ్గని మనిషి అలా నిలబడి తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. లోపలి గడప దగ్గరికి శ్రీవిద్య వచ్చి నిలబడింది. మామూలు చీర, వేళ్లకి నీలం. సాయంత్రానికి కూడా కడుక్కునే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"అమ్మ చెప్తాంది సరే," అని పెద్దసుబ్బయ్య గారు నావైపు తిరిగారు. "అబ్బాయి నోరు తెరవడా?"

తెరిచాను.

"ఎర్రగుంట్ల కుమార్ అని ఏడు ఆదివారాలు మీ మిద్దెకి వచ్చింది నేనేనండీ. అబద్ధం చెప్పినా, తప్పు. శ్రీవిద్య అంటే నాకిష్టం. మొదటిరోజే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. మా ఇంట్లో వద్దన్న రోజు కూడా గమ్మున ఉండినా, అది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు ఆమె వద్దంటే ఇట్లే వెనక్కి పోతాం. ఔనంటే మాత్రం, ఇంకెప్పుడూ ఆమె విషయంలో గమ్మున ఉండను."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆ రాళ్లు మోసినోడివి నువ్వేనా?" అన్నారు పెద్దసుబ్బయ్య గారు నోరు తెరిచి. తర్వాత కూతురివైపు చూశారు. "ఏమ్మా? వింటాండావా?"

శ్రీవిద్య నన్ను చూడలేదు. తండ్రినే చూసింది.

"ప్రొద్దుటూరు వాళ్లు ఎన్నింటికి బయల్దేరతారు నాయనా?"

"రెండు దాటినాక."

"అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఈ ఎండలో పాపం వాళ్లెందుకు ఊరికే రావడం."

అని, అప్పుడు చూసింది నావైపు. ఆపుకోకుండా నవ్వుతోంది.

పెద్దసుబ్బయ్య గారు జేబులోంచి ఫోన్ తీశారు. నంబరు నొక్కబోయి, ఏదో గుర్తొచ్చి ఆగి, తను కూర్చున్న కుర్చీలోంచి లేచి దాన్ని మా అమ్మ ముందుకి జరిపారు.

"ఎంతసేపట్నుంచో నిలబడే ఉండావు, కూర్చో చెల్లెమ్మా," అన్నారు.